పై అంటే పై

అటవీ ఆఫీసు నోటీసు బోర్డు ముందు నిలబడి మేస్త్రి ఆ మ్యాపును మూడుసార్లు చూశాడు. మొదటిసారి కళ్ళజోడుతో, రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని, మూడోసారి కళ్ళజోడు తీసేసి. ఎలా చూసినా అది అలాగే ఉంది. పెద్దకొండ చుట్టూ తిరిగే రోడ్డు పొడుగునా ఎర్రటి చారలు. కొండ నెత్తి మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఎరుపు అంటే రాతిపట్టు మొక్క పెరగగల చోటనీ, తెలుపు అంటే పెరగలేని చోటనీ కింద రాశారు.

పక్కనే ఇంకో కాగితం. పెద్దకొండ పైభాగాన్ని రాళ్ళ క్వారీకి ఇవ్వబోతున్నారట. రాతిపట్టు పెరగగల చోటును క్వారీకి ఇవ్వకూడదని రూలు ఉంది కాబట్టి ఈ మ్యాపు జతచేశారట. అభ్యంతరాలున్నవాళ్ళు పన్నెండో తేదీన కమిటీ ముందుకు రావాలట.

"పెరగలేదా?" అని మేస్త్రి బోర్డునే అడిగాడు. "పెద్దకొండ మీద పెరగలేదా? ఎవడయ్యా చెప్పింది?"

"కంప్యూటర్ చెప్పిందండి," అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

"దానికి కాళ్ళున్నాయా? ఏనాడైనా కొండెక్కిందా?"

"నాకేం తెలుసండీ, నేను గేటు దాటి ఎరగను."

మేస్త్రి అంటే గోడలు కట్టే మేస్త్రి కాదు. ఆ ఆఫీసువాళ్ళ మొక్కల నర్సరీకి మేస్త్రి. ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, పదిహేడో ఏట నర్సరీలో నీళ్ళు మోసే పనికి చేరి, తొమ్మిదేళ్ళలో మేస్త్రి అయినవాడు. మొక్కల శాస్త్రంలో పట్టాలు పుచ్చుకున్న ముగ్గురు ఆఫీసర్లు ఆయన దగ్గర అంటు కట్టడం నేర్చుకుని వెళ్ళారు. ఆయన ఆకు వాసన చూసి మొక్క వయసు చెప్పేవాడు. ఆయన చేతిమీదుగా పెరిగిన చెట్లు ఇప్పటికీ ఆసుపత్రి దారిలో రెండువైపులా నీడనిస్తున్నాయి. కావలసినవాళ్ళు వెళ్ళి లెక్కపెట్టుకోవచ్చు, నూట నలభై.

అన్నిటికన్నా పెద్ద ఘనత రాతిపట్టుది. మోకాలెత్తు పొద అది, బూడిదరంగు ఆకు, తడిసిన పలక వాసన వేసే తెల్లటి పువ్వు. ఈ నేలదే, ఇంకే దేశంలోనూ లేదంటారు. బండరాతి పగుళ్ళలో వేళ్ళు దూర్చి పట్టుకుంటుంది, పీకితే రాయి కదలాలి గాని మొక్క కదలదు. దాని గింజ ఎవరికీ మొలవలేదు. చదువుకున్నవాళ్ళు వేడినీళ్ళలో వేశారు, మందుల్లో నానబెట్టారు, చివరికి ఇది గింజ కాదు గులకరాయి అని వదిలేశారు. మేస్త్రి ఆ గింజను ముతక ఇసుకతో రుద్ది, తడిగోనెలో చుట్టి, పదకొండు రోజులు చీకటి గదిలో పెట్టాడు. పన్నెండో రోజు మొలక. ఆ రోజు ఆఫీసరు మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చెయ్యిని మేస్త్రి ఇంటికి వచ్చి భార్యకు చూపించాడు.

తర్వాత ఇరవై రెండేళ్ళు రాతిపట్టు ఎక్కడెక్కడ ఉందో వెతికి రాయడమే ఆయన పని. నాలుగు రిజిస్టర్లు, రెండు వందల పన్నెండు మొక్కలు, అన్నీ పెద్దకొండ మీదే. జీపు రోడ్డు మీద ఆగేది. మిగతావాళ్ళు జీపు నీడలో కూలబడేవాళ్ళు. కొండెక్కింది మేస్త్రి ఒక్కడే. ఈ మాట ఆయన ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. రిటైరైన రోజున ఇచ్చిన గోడగడియారం ఎనిమిది నిమిషాలు వెనక నడుస్తుంది. దాన్ని కూడా ఆయన బాగు చేయించకుండా, ఆఫీసు ఎప్పుడూ అంతేనని వచ్చినవాళ్ళకు చూపిస్తాడు.

ఇక ఆయన కోపం. అది ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. మేస్త్రి తుమ్మినా తిట్టినట్టే ఉంటుందని నర్సరీలో అనుకునేవాళ్ళు.

ఆ సాయంత్రం ఆయన గొడుగు మడవకుండానే గుమ్మంలోకి వచ్చి, గుమ్మానికి గొడుగు అడ్డం పడితే గుమ్మాన్ని తిట్టాడు.

"ఇంట్లో వాన పడటం లేదండీ," అంది భార్య.

"నా ఇరవై రెండేళ్ళ కష్టం మీద సున్నం కొట్టారే! ఎవరో మ్యాపులమ్మాయట, గదిలో కూచుని రంగులు పూసింది. రెండు నెలల కిందట ఆ క్వారీవాళ్ళు సర్వే అని చెప్పి కొండ మీద పొద అన్నది లేకుండా నరికేశారు. ఇప్పుడు చూపిద్దామంటే మోళ్ళు తప్ప ఏమీ లేవు, మోడు చూసి అది ఏ మొక్కో ఎవడు ఒప్పుకుంటాడు? వేళ్ళు పగుళ్ళలో బతికే ఉన్నాయి, రెండు వానలు పడితే మళ్ళీ లేస్తాయి. ఈ లోపల కొండే లేకుండా చేస్తారు!"

"అరిస్తే ఆగుతారా? రేపు వెళ్ళి ఆ అమ్మాయిని అడగండి. మన అమ్మాయి కూడా ఆఫీసులోనే ఉంటుందిగా."

"దాన్నెందుకు మధ్యలోకి లాగడం? ఇది నా లెక్క, నేనే తేలుస్తాను."

కూతురు అదే ఆఫీసులో డేటా ఎంట్రీ పనిచేస్తుంది, పక్క వీధిలోనే కాపురం. తన రిజిస్టర్లను కంప్యూటర్‌లో ఎక్కించింది తన కూతురేనన్నది కూడా మేస్త్రి చెప్పుకునే ఘనతల్లో ఒకటి.

మర్నాడు పొద్దున్నే ఆయన మ్యాపుల గదిలో దిగాడు. మూడు బల్లలు, నాలుగు తెరలు, కిటికీలో ఎండిపోయిన కుండీ మొక్క ఒకటి. ముందు దాన్ని చూశాడు.

"నీళ్ళు పోయడం రానివాళ్ళు కొండల జాతకం రాస్తున్నారా?"

మ్యాపులమ్మాయి లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళు ఉండవు. "కూర్చోండి తాతగారూ. మీరెవరండీ?"

"తాతగారెవరు? నేను మేస్త్రిని. రాతిపట్టు గింజ మొలిపించినవాణ్ణి."

ఆ పిల్ల మొహం వెలిగింది. "అయ్యో, మీరా! మీ రిజిస్టర్ల మీదే కదండీ ఈ మ్యాపంతా నిలబడింది."

"నా రిజిస్టర్ల మీద నిలబడి నా నెత్తినే కొట్టిందా?"

ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. మొక్క కనబడిన ప్రతి చోటునూ కంప్యూటర్‌కు ఇస్తారు. ఆ చోటు ఎంత ఎత్తు, ఎంత వాన, ఎంత ఎండ, ఎలాంటి నేల, ఏ దిక్కు వాలు అన్నది అది చూసుకుంటుంది. మొక్కకు ఏది ఇష్టమో అర్థం చేసుకుని, అలాంటి చోట్లు ఇంకెక్కడ ఉన్నాయో వెతికి ఎర్రగా చూపిస్తుంది.

"అంటే వంటవాడికి రుచి చూపిస్తే వంట పట్టేసినట్టు," అన్నాడు మేస్త్రి. ఆ మాట ఆయనకు నచ్చింది గాని ఒప్పుకోలేదు. "మరి దానికి రోడ్డెందుకు రుచించింది? ఇదిగో, ఇది పదకొండో మైలురాయి. ఇక్కడ జీపు దిగేవాళ్ళం. ఇది వంతెన, ఇక్కడ డ్రైవరు నిద్రపోయేవాడు. ఇది పంపుహౌసు మలుపు. ఇవి మేం ఆగిన చోట్లు, మొక్క ఉన్న చోట్లు కావు!"

"మీ రిజిస్టర్‌లో అలాగే ఉందండీ." ఆ అమ్మాయి తెర తిప్పి చూపించింది. మొదటి వరుసలో పదకొండో మైలురాయి. రెండో వరుసలో పదకొండో మైలురాయి. మూడు, నాలుగు, పదిహేడు దాకా పదకొండో మైలురాయే. తర్వాత వంతెన, వంతెన, వంతెన.

మేస్త్రి కణతల దగ్గర నరాలు లేచాయి. "మైలురాయి మీద పదిహేడు మొక్కలా? అదేమన్నా పూలకుండీనా? ఏ గాడిద ఎక్కించింది దీన్ని?"

 పక్కగది గుమ్మంలో కుర్చీ కిర్రుమంది.

"నేనే నాన్నా," అంది కూతురు.

 కూతురు బీరువా తీసి అసలు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. కొంత వానకు తడిసి, కొంత చెమటకు తడిసి ఉబ్బిపోయిన పుస్తకం. ప్రతి పేజీలో చోటు అనే గడి ఉంది. బండి ఎటు తిరిగిందో తెలియాలి కాబట్టి మొదటి వరుసలో బండి ఆగిన చోటు రాయాలని ఆనాటి ఆఫీసరు రూలు. అందుకని మొదటి వరుసలో పదకొండో మైలురాయి. దాని కింద, ఒక్కో మొక్కకు ఎదురుగా, గుండ్రటి అక్షరాలతో ఒకే ఒక మాట: పై. పై. పై.

"ఇదేమిటి?" అన్నాడు మేస్త్రి వేలు పెట్టి.

"పై."

"పై అంటే?"

"పైదే అని. పైన ఏం రాసి ఉందో అదే అని. ఆఫీసులో అందరం అలాగే రాస్తాం, ఒకే మాట పదిసార్లు రాయకుండా."

"పై అంటే పైన! కొండ పైన! బండ మీద చెప్పు జారుతుంటే, ఒక చేత్తో పొద పట్టుకుని ఇంకో చేత్తో రాసేవాణ్ణి. పెద్దకొండ ఈశాన్యపు వాలు పైభాగం అని మొత్తం రాస్తూ కూచుంటానా?"

"మొత్తం రాసుంటే బాగుండేది."

"అనుమానం వస్తే అడగొద్దూ? ఎదురుగా ఇంట్లో కూచున్నాను కదా! నోరు లేదా?"

కూతురు ఆయన వైపు సూటిగా చూసింది. తండ్రి కోపం ఆమెకూ వచ్చింది, గొంతు పెంచకుండా వచ్చింది. "అడిగాను నాన్నా. పెళ్ళికి ముందు, ఒక ఆదివారం. నువ్వు భోజనం చేస్తున్నావు. చోటు గడిలో పై అని ఉంది, అంటే ఏమిటి నాన్నా అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

మేస్త్రికి గుర్తులేదు.

"పై అంటే పై! ఇంత చదివావు, రెండక్షరాలు లేని మాట చదవడం రాదా, పో అన్నావు. పోయాను. మళ్ళీ అడగలేదు."

మ్యాపులమ్మాయి కుండీ మొక్క వైపు తిరిగి, ఉన్నట్టుండి దానికి నీళ్ళు పోయసాగింది.

ఆ రోజు మేస్త్రి ఇంటికి నడిచే వెళ్ళాడు. ఎవరిని తిట్టాలో తెలియక దారిపొడుగునా చేతిలో గొడుగుతో కనబడిన స్తంభాన్నల్లా కొట్టుకుంటూ వెళ్ళాడు. ఇంతకాలం ఆయన కోపానికి ఎప్పుడూ ఎదుటివాడు ఒకడుండేవాడు. ఇప్పుడు ఎటు విసిరినా తిరిగి తన వీపు మీదే పడుతోంది. పెద్దకొండను క్వారీవాడు అడగడం సరే, దాన్ని పళ్ళెంలో పెట్టి ఇచ్చింది మాత్రం ఒక ఒంటక్షరం. అది తన దస్తూరీ.

పన్నెండో తేదీన కమిటీ. పొడుగాటి బల్ల, ఆ చివర కమిటీ పెద్దగా ఒక మేడం, ఈ చివర క్వారీ మేనేజరు, పక్కన ఫైళ్ళతో గుమాస్తా. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని నాలుగు రిజిస్టర్లు చంకలో పెట్టుకుని వచ్చాడు. నీళ్ళు మోసిన రోజు నుంచి మొదలుపెట్టి ఆసుపత్రి దారిలో నూట నలభై చెట్ల దాకా చెప్పాడు. మేడం రెండుసార్లు గడియారం చూసింది.

"ఈ చుట్టుపక్కల నేను చూడని గుట్ట లేదు మేడం. పెద్దకొండ నెత్తిన తప్ప ఈ మొక్క ఇంకెక్కడా లేదు. రాసుకోండి."

"మరి మీ రిజిస్టర్‌లో రోడ్డు మీద ఉందని ఉంది."

మేస్త్రి రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టాడు. "నా రాత తప్పు," అన్నాడు. ఆ మూడు మాటలు చెప్పడానికి ఆయనకు పెద్దకొండ ఎక్కినంత పనైంది. తర్వాత పై సంగతి చెప్పాడు.

క్వారీ మేనేజరు నవ్వాడు. "అంటే మేస్త్రిగారు ఇరవై రెండేళ్ళూ పైపైన రాశారన్నమాట."

బల్ల చుట్టూ నవ్వులు. మేస్త్రి అంతెత్తున లేచాడు. "పైపైన నరికింది మీరు! నేను బండల మీద మోకాళ్ళు చీరుకుని..."

"నాన్నా, కూచో," అని కూతురు చొక్కా పట్టుకుని లాగింది.

మేడం చేయి ఎత్తింది. "మేస్త్రిగారూ, నాకు మీ మీద కోపం లేదు. కానీ రిజిస్టరు మీది, దిద్దుబాటు మీది, సాక్షి మీ అమ్మాయి. కొండ ఎక్కింది మీరొక్కరేనని మీరే అంటున్నారు. అక్కడ చూపించడానికి మొక్క లేదు. క్వారీ కాగితం వచ్చాక పై అంటే పైన అంటే మేమెలా నమ్మాలి?"

 కొండెక్కింది నేనొక్కణ్ణే అని అన్నేళ్ళు ఛాతీ విరుచుకుని చెప్పిన మాటే ఇప్పుడు అడ్డం తిరిగింది.

అప్పుడు మ్యాపులమ్మాయి లేచింది. "మేడం, పై అంటే పైన అనుకుని పొద్దున మ్యాపు మళ్ళీ చేశాను. రోడ్డంతా తెల్లబడింది, పెద్దకొండ ఎర్రబడింది. దాంతోపాటు రిజిస్టర్‌లో లేని చోటు ఒకటి ముదురుగా ఎర్రబడింది. బస్సు దారిలో ఉన్న బోడిగుట్ట వెనకవైపు. అదే ఎత్తు, అదే రాయి, అదే ఈశాన్యపు వాలు. పాత మ్యాపులో అది తెల్లగా ఉంది. అక్కడ మొక్క ఉంటే మేస్త్రిగారి మాట నిజమైనట్టే."

"లేకపోతే?"

"లేకపోతే నా దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదు."

"బోడిగుట్టా!" అన్నాడు మేస్త్రి ఆగలేక. "దాని పేరే బోడిగుట్ట! ఆ పేరు పెట్టింది నేనే! అక్కడ గడ్డిపోచ మొలవదు, నా బోడి మ్యాపు!"

మేనేజరు చేతులు విప్పాడు. "చూశారా మేడం, వాళ్ళ సాక్షే లేదంటున్నాడు."

మేస్త్రికి అప్పుడు తట్టింది తనేమన్నాడో. తన మాట నిజమైతే కొండ పోతుంది. కొండ నిలవాలంటే తన మాట అబద్ధం కావాలి. మొదటి రిజిస్టరు మొదటి పేజీలో తన చేత్తోనే పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: బోడిగుట్ట, ఏమీ లేదు. ఆ మాట నమ్మి తర్వాత ఒక్క మనిషి ఆ గుట్ట వైపు చూడలేదు.

మేడం అడిగింది. "మేస్త్రిగారూ, మీరు ఆ గుట్ట వెనకవైపు చూశారా?"

 మేస్త్రి రిజిస్టరు మూసి దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"లేదు. బస్సులోంచి ముందువైపు చూశాను. వెనక్కి ఎక్కలేదు."

కూతురు తల తిప్పి తండ్రిని చూసింది. నాన్న నోట లేదు అన్న మాట తన గురించి తను చెప్పగా ఆమె వినడం అదే మొదటిసారి.

మేడం గుమాస్తాకు చెప్పింది. "రేపు మీరు వెంట వెళ్ళండి. ఉంటే ఉందని రాసి, ఆకు పట్టుకురండి."

మర్నాడు నలుగురూ బోడిగుట్ట కింద బస్సు దిగారు. ముందు మేస్త్రి, వెనక కూతురు, ఆ వెనక ఫోనులో మ్యాపు చూస్తూ మ్యాపులమ్మాయి, అందరికన్నా వెనక రొప్పుతూ గుమాస్తా. మేస్త్రి ఎక్కుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. ఎండను తిట్టాడు, తన మోకాలిని తిట్టాడు, గుమాస్తా బూట్లను తిట్టాడు. ఏదో ఒకటి అనకపోతే లోపలి మాట బయటికి వచ్చేస్తుందని భయం. లోపలి మాట ఒకటే: నేను తప్పయిపోవాలి, దేవుడా, నేను తప్పయిపోవాలి. అరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఇలాంటి కోరిక కోరలేదు.

"ఇంకా ఎంత దూరమమ్మా?" అన్నాడు గుమాస్తా.

"శిఖరం దాటి కొంచెం కిందికి," అంది మ్యాపులమ్మాయి.

శిఖరం మీద నిజంగానే ఏమీ లేదు. నున్నటి బండ. మేస్త్రి గొడుగు కర్రలా ఊతం పెట్టుకుని వెనక వాలులోకి దిగాడు. పది అడుగులు దిగేసరికి గాలి మారింది. బండ నీడలో చల్లగా, పొద్దెక్కినా రాయి మీద ఇంకా తేమ ఉంది. ఆయన ముక్కు కంటి కన్నా ముందు పట్టుకుంది. తడిసిన పలక వాసన.

పగులులో బూడిదరంగు ఆకు. దాని కింద ఇంకోటి. ఆ పక్క బండ పొడుగునా, ఒకటి కాదు రెండు కాదు, మోకాలెత్తున వరసగా, కొన్ని మొదట్లో మణికట్టంత లావున. తను నర్సరీలో చేరేనాటికే ముదిరిన పొదలు.

మేస్త్రి గొడుగు విసిరికొట్టి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కొమ్మ పట్టుకుని లాగాడు. రాయి కదిలేలా ఉంది, మొక్క కదల్లేదు.

"సిగ్గుందటే నీకు?" అని అరిచాడు. "ఇరవై రెండేళ్ళు! ఆ కొండ మీద మోకాళ్ళు అరగదీసుకున్నానే! రోజూ బస్సులో నీ ముందునుంచే పోయానే! ఒక్కనాడైనా ఈ వాసన అటు కొట్టిందా? గుట్ట వెనక చేరి నవ్వుకుంటున్నావా?" కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అది కూడా ఆయనకు కోపంగానే ఉంది.

గుమాస్తా ఆకు తుంచి కవరులో పెట్టుకున్నాడు. "ఇంక క్వారీ ఫైలు వెనక్కే మేస్త్రిగారూ. ఇది చూశాక మేడం సంతకం పెట్టదు."

"పెడితే మేడంను కూడా ఇక్కడికి ఎక్కిస్తాను!"

కూతురు సంచిలోంచి నాలుగో రిజిస్టరు తీసి, చివర మిగిలిన ఖాళీ పేజీ తెరిచింది. పెన్ను పట్టుకుని తండ్రి పక్కన బండ మీద కూచుంది.

"రెండు వందల పదమూడు. చోటు ఏమని రాయను నాన్నా? పై అననా?"

"వెటకారమా? మొత్తం రాయి! బోడిగుట్ట, వెనకవైపు, ఈశాన్యపు వాలు, శిఖరానికి ఇరవై అడుగుల కింద, పొడుగాటి పగులు. రాశావా? ఎక్కడా ఒక్క అక్షరం మింగకు. అర్థం కాకపోతే అడుగు."

"అడిగితే?"

"చెప్తాను." పొదకేసి తిరిగి గొణిగాడు. "అరిచినా చెప్తాను."

ఆమె మొత్తం రాసింది. ఇంకో గడి మిగిలింది. మొదట ఎవరు చూశారో రాసే గడి. రెండు వందల పన్నెండు వరుసల్లోనూ ఆ గడిలో మేస్త్రి అనే ఉంది. ఆమె పెన్ను ఆ గడి మీద పెట్టి తండ్రి వైపు చూసింది.

మేస్త్రి దూరంగా నిలబడ్డ మ్యాపులమ్మాయినీ, ఆమె చేతిలో ఫోనునూ చూశాడు. పళ్ళు కొరికాడు.

"చూస్తావేం? రాయి," అన్నాడు. "ఆ బోడి మ్యాపు పేరు రాయి."